అద్దంలాంటి నీళ్లు

ఆ పూట లింగరాజు కప్పకి కాలు ఒకచోట నిలవడం లేదు. కొడుక్కి పిల్లనివ్వడానికి ముందు ఆడపెళ్ళివారు గుంట చూసుకోడానికి వస్తున్నారు మరి!

"నీళ్లు అద్దంలా ఉండాలర్రా! పెళ్ళివారి ముందు మీ గెంతులేమిటి?" అంటూ తూనీగ పిల్లల్నీ, నీళ్లమీద చకచకా పరుగెత్తే పురుగుల్నీ అదిలించి, పక్క గుంటలోకి తరిమేశాడు.

పెళ్ళివారు దిగారు. పిల్ల నాయనమ్మ, పరిచిన తామరాకు వంకైనా చూడకుండా బుడుంగున మునిగి, అడుగున ఒక రాయి నెట్టి చూసింది. ఖాళీ. ఇంకోటి నెట్టింది. అదీ ఖాళీయే.

"ఒక్క పురుగైనా బతకని నీళ్లలో మా పిల్ల ఎలా బతుకుతుంది నాయనా?"

"అయ్యో, పొద్దున్నదాకా బోలెడున్నాయి పెద్దమ్మగారూ! నేనే తరిమేశాను!"

"అందరూ అలాగే చెప్తారు" అంటూ ముసలమ్మ పక్క గుంటలోకి దూకింది. అక్కడ రాయి కదిపితే చాలు, బిలబిలమంటూ పురుగులు! ఆ గుంట కప్ప కొడుక్కే పిల్లనిస్తామని అక్కడికక్కడే తాంబూలాలు పుచ్చుకున్నారు.

పెళ్ళిలో తూనీగ పిల్లలు పల్టీలు కొడుతుంటే, లింగరాజు గట్టెక్కి గొంతు ఉబ్బించి అరిచాడు: "నాయనల్లారా, ఇంటికి రండర్రా! రేపు మా రెండోవాడి సంబంధం!"

"నీళ్లు అద్దంలా ఉన్నాయి కదా బాబాయ్," అన్నాయవి, "మొహం చూసుకుంటూ కూర్చో!"