ఈపురుపాలెం తప్ప

“ఈపురుపాలెం తీసేశావా లేదా, ముందు అది చెప్పమ్మా.”

సుందరయ్య గడప అవతలే నిలబడి అడిగాడు. రేపల్లె పాసింజరు దిగి స్టేషను నుంచి నడిచొచ్చినట్టున్నాడు, చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

“తీసేశాను బాబాయ్. మళ్ళీ ఫోన్ చేస్తే సరిపోయేదిగా, ఇంత ఎండలో రావాలా? లోపలికొచ్చి కూర్చోండి,” అంది నీరజ.

తెనాలిలో నీరజ పని పుస్తకాలకి ప్రచారం చేసిపెట్టడం. ఇదివరకు డీటీపీ చేసేది. ఇప్పుడు పుస్తకం మొత్తం ఏఐకి ఇస్తే అదే చదివి, ఊరించేలా నాలుగు మాటలు రాసి, ఏ ఊళ్ళో ఎవరి ఫోన్లో చూపిస్తే కొంటారో కూడా చెప్పేస్తోంది.

సుందరయ్య నిజాంపట్నం చేపల బోట్ల మీద పాతికేళ్ళు పనిచేసిన మనిషి. చదివిన ఏడో తరగతితోనే పుస్తకం రాశాడు. తొమ్మిదేళ్ళ కింద దూరపు వేటకెళ్ళిన బోటు తుపానులో తిరగబడడం, తోటివాడు అంద్రెయ ఆయన చేతిలోంచి జారి సముద్రంలో కలిసిపోవడం. కల్పన కాదు, జరిగిందే. మొదటి రోజే ఒక్క షరతు పెట్టాడు.

“అన్ని ఊళ్ళకీ చూపించమ్మా. ఈపురుపాలెం తప్ప.”

నీరజ ఏఐకి అలాగే రాసిచ్చింది. కానీ ఏఐ ఆలోచన వేరు. పుస్తకంలో ఈపురుపాలెం పేరు పదకొండుసార్లు వచ్చింది, ఆ ఊరివాళ్ళే ముందు కొంటారు, బాపట్ల జిల్లాలో ఆ ఊరితోనే మొదలుపెట్టమంటారా అని అడిగింది. పని తొందరలో నీరజ చదవకుండానే సరే నొక్కింది. అంతకుముందు ఆయన చేత రెండు నిమిషాలు చదివించి దాచిన గొంతు నమూనా ఒకటుంది. దాన్ని పట్టుకుని ఏఐ, బోటు తిరగబడ్డ అధ్యాయమంతా అచ్చం ఆయన గొంతుతో చదివి ప్రకటనలో పెట్టేసింది. పొద్దున రేపల్లె బస్టాండులో ఎవరి ఫోన్లోనో సుందరయ్య గొంతు సుందరయ్యకే వినపడింది. ఆయన వెంటనే ఫోన్ చేస్తేగానీ నీరజ చూసుకోలేదు.

“ఎంతసేపు ఉందమ్మా అక్కడ?”

“మూడు గంటలు బాబాయ్. తప్పు నాదే.”

ఆయన కూలబడ్డట్టు కూర్చున్నాడు. గుచ్చుకుంటున్నాయేమో, జేబులోంచి రెండు ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి టచ్ ఫోను. రెండోది అంకెలు అరిగిపోయిన పాత బటన్ ఫోను, తడవకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి ఉంది. అది మోగగా నీరజ ఎప్పుడూ వినలేదు.

“మిగతా ఊళ్ళల్లో కూడా నా గొంతు తీసెయ్. కావాలంటే నా ఫొటో పెట్టుకో. గొంతు మాత్రం వద్దు.”

“అందరూ ఫొటో వద్దంటారు, మీరేంటి బాబాయ్ గొంతు వద్దంటారు? ఇంతకీ ఆ ఊళ్ళో ఎవరున్నారేంటి? వయసులో ఉన్నప్పటి సంగతా?”

“ఊరుకో అమ్మాయ్. ఎనభై దాటిన మనిషి. అంద్రెయ వాళ్ళమ్మ, దానమ్మ.”

నీరజ నవ్వు ఆగిపోయింది.

“మీ చేతిలోంచి జారిపోయాడని ఆవిడకి మీ మీద కోపమా?”

“కోపమెందుకుంటది? ఆమె నన్ను చూసిందే లేదు. నా పేరు కూడా తెలియదు.”

“మరింకేం భయం? ఆ వయసులో ఫోన్లు చూస్తుందా ఏంటి?”

“చూపానదు. ఎదురింటి పిల్లలు ఫోన్లో ఏది పెట్టినా అరుగు మీద కూర్చుని వింటది. చెవి మాత్రం పాము చెవి.”

“మీ పేరు కూడా తెలియదంటారు, ఆవిడ అరుగు సంగతి కూడా చెబుతారు!”

సుందరయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఎంతకీ ఆ తువ్వాలు తియ్యలేదు.

“పుస్తకంలో అతని పేరన్నా మార్చాల్సింది బాబాయ్. ఈ గొడవే ఉండేది కాదు.”

“వాడు ఒడ్డుకి రాలేదమ్మా. సమాధుల పండక్కి అందరూ కొవ్వొత్తులు పెడతారు. వాడికి పెడదామంటే చోటేదీ? పేరన్నా ఒకచోట అచ్చులో ఉండొద్దా?”

నీరజ కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకుంది.

“పోనీ ఆదివారం రండి. ఇద్దరం కలిసి ఈపురుపాలెం వెళదాం. ఆవిడకి ఎదురుగా కూర్చుని చెబితే మీ మనసు తేలికపడుతుంది.”

“ఆదివారం కుదరదమ్మా. ఆరాధన అయ్యాక ఫోను మాట్లాడుకోవాలి.”

ఏ ఆదివారం రమ్మన్నా ఆయన చెప్పే మాట అదే. నీరజ ఇక రెట్టించకుండా కంప్యూటరు వైపు తిరిగింది. గొంతు తీసేయబోతుంటే, పొద్దుటి ప్రకటన కింద ఎవరో రాసిన మాటలు కనపడ్డాయి. ఈపురుపాలెం నుంచి, జశ్వంత్ అట. పైకే చదివింది.

“‘మా ఎదురింటి దానమ్మ మామ్మ ఇది మూడుసార్లు పెట్టించుకుని వింది. అందులో మనుషుల పేర్లు వచ్చేలోపే ఆపించి మళ్ళీ మొదట్నుంచి పెట్టమంటోంది. ఈ గొంతు తనకి బాగా తెలుసంట. ఎవరండీ ఈయన?’”

సుందరయ్య లేచి నిలబడ్డాడు.

“ఆవిడకి మీరెవరో తెలియదన్నారుగా బాబాయ్?”

ఆయన నోరు తెరిచేలోపే బల్ల మీద బటన్ ఫోను మోగింది. మోగుతుంటే బల్లంతా అదిరింది. నీరజ ఆయన వైపు చూసింది. ఆయన ఫోను వైపు చూస్తున్నాడు. నాలుగుసార్లు మోగనిచ్చి, కవరు ఊడదీసి, గొంతు సవరించుకుని, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“నేనేనమ్మా, నీ అంద్రెయని.”