నిలబడ్డ పేరు పలకలు

సభ మొదలయ్యేలోపు బల్లల మీద దేశాల పేరు పలకలు సర్ది, గ్లాసుల్లో నీళ్లు పోయడం నూకరత్నం పని. విశాఖ కొండ మీది ఆ హాల్లో వాతావరణ చర్చలు ఇరవై ఏళ్లుగా ఆగకుండా నడుస్తున్నాయి. ఈలోగా పదకొండు దేశాలు సముద్రంలో కలిసిపోయాయి. అయినా వాటి కుర్చీలు తీయడానికి వీల్లేదు. ఆ దేశమే ఉత్తరం రాసి అడగాలని నిబంధన.

మాట్లాడదలచిన దేశం తన పలకను నిలువుగా నిలబెట్టాలి. అప్పుడు అధ్యక్షుడు పిలిచి తీరాలి. ఎవరూ నిలబెట్టకపోతే అందరూ ఒప్పుకున్నట్టే.

ఆ పదకొండు పలకల్నీ నూకరత్నం పడుకోబెట్టే వెళుతుంది. నీళ్లు తెచ్చేసరికి అవి లేచి నిలబడి ఉంటాయి, తడిసిపోయి.

“బేగి పడుకోబెట్టెయ్యే రత్నం, అధ్యక్షులోరు వచ్చేస్తన్నారు,” అన్నాడు సూపర్‌వైజర్ గవరయ్య. రోజూ అనేదే.

పది పడుకోబెట్టింది. పదకొండోదాని మీద చెయ్యి వేసి ఆగిపోయింది. దాని అంచున ఇసుక ఉంది.

“దీన్ని ఒగ్గేయండి బావూ.”

“ఉద్యోగం ఊడిపోద్దే!”

“మా ఊరే పోనాది. ఉద్యోగమెంత?”

అధ్యక్షుడు వచ్చాడు. అందరూ చూస్తుండగా చూడనట్టు ఉండలేక, గొంతు సవరించుకుని ఆ దేశం పేరు పిలిచాడు. ఖాళీ కుర్చీ ముందు మైకు ఎర్రగా వెలిగింది. ప్రతినిధులు ఇయర్‌ఫోన్లు తగిలించుకున్నారు. మైకులోంచి ఒక చప్పుడు మొదలైంది. అనువాదకులు నోళ్లు తెరిచి, ఏం చెప్పాలో తెలియక ఉండిపోయారు.

నూకరత్నానికి అనువాదం అక్కర్లేకపోయింది. సముద్రం వచ్చి వాళ్ల వంటింటి గోడను తోసిన రోజు, పొయ్యి దగ్గర కూర్చుని విన్న చప్పుడే అది.