తోడు చేపలు

"ఏంజెల్ ఫిష్ మాత్రం వద్దండి బాబూ. డిస్కస్‌ల పక్కన దాన్నుంచకూడదు," అన్నాడు ఉమాశంకర్.

"ఏటి? సూడ్డానికి బాగానే ఉంది కదా!"

"పైకి నిగనిగలాడతాదండి. లోపల పురుగుంటే దానికేటీ కాదు. పక్కనున్న డిస్కస్‌కి అంటించి సంపేత్తాది."

వైకుంఠరావు మెచ్చుకోలుగా తలాడించాడు. పలాసలో జీడిపప్పు వ్యాపారం ఆయనది. పైకి తెల్లగా మెరిసే జీడిగుండులో లోపలి పుచ్చు కనిపెట్టడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. ముందుగదిలో ఐదడుగుల అద్దాల తొట్టి ఉంది. అందులో పళ్ళేల్లాంటి ఆరు డిస్కస్ చేపలు తాపీగా తిరుగుతున్నాయి. వాటికి తోడుగా ఏ చేపలు వేయాలో తేల్చమని కాశీబుగ్గలో చేపల దుకాణం నడిపే ఉమాశంకర్‌ను పిలిపించాడు.

అసలు పని వేరే ఉంది. ఉమాశంకర్, వైకుంఠరావు కూతురు ప్రమోదిని పెళ్ళి చేసుకుంటామంటున్నారు. కులం ఒకటే, కుర్రాడు బుద్ధిమంతుడు. ఉన్న వంకల్లా అతనిది ఉద్దానం ఊరు కావడమే. కిడ్నీలు పాడై మనుషులు రాలిపోతున్న ఊళ్ళలో పుట్టినవాడికి పిల్లనివ్వడానికి ఆయనకు మనసొప్పలేదు. ముందు రక్తపరీక్ష చేయించుకోమన్నాడు. ఇంకెవరి రక్తమో ఇచ్చి మాయ చేస్తాడేమోనని కూతుర్ని కూడా వెంట పంపాడు. అనుమానానికి మందు లేదు.

"పోనీ, సక్కర్ చేప?"

"అది డిస్కస్ ఒంటి మీద జిగురు పీకేత్తాదండి. నియాన్ టెట్రాలేమో ఈ నీళ్ళ ఏడికి ఆగలేవు. కార్డినల్ టెట్రాలు ఓ పాతిక ఎయ్యండి. అడుగున తిరగడానికి కోరీలని చిన్న చేపలున్నాయి, అవో ఆరు. ఎవల జోలికీ ఎల్లవు. అయినా సరే, నలబై రోజులు వేరే తొట్టిలో ఉంచి సూసాకే కలపాలి."

"ఎక్కడి నీళ్ళలో పెరిగినవి?"

"విశాఖపట్నం నుంచి తెప్పిస్తానండి."

"అదీ మాటంటే. సేపైనా, మనిసైనా ముందు నీళ్ళు సూసుకోవాల."

ఉమాశంకర్ నవ్వలేదు. ఎప్పుడూ చేపల గురించి గలగలా మాట్లాడేవాడు, ఇవాళ అడిగినదానికే జవాబిస్తున్నాడు.

ప్రమోదిని వచ్చి మంచినీళ్ళ గ్లాసు పెట్టింది. ఆమె మోచేతి మడతలో కమిలిన మచ్చ చూసి, "అదేటమ్మా?" అన్నాడు తండ్రి.

"తలుపు గడియ తగిలింది నాన్నా."

"కాళ్ళకి పట్టీలేవీ?"

"బిగిసిపోతన్నాయి. తీసేసాను."

"మంచిదేలే, ఒళ్ళు సేత్తన్నావు!" అని మురిసిపోయాడాయన. తల్లి పోయాక ఆ పిల్ల పదేళ్ళు ఉద్దానంలోనే, మందస దగ్గర అమ్మమ్మ ఊళ్ళో పెరిగింది. పలాస తెచ్చుకున్నాక మాత్రం టిన్ను నీళ్ళు తప్ప తాగనివ్వలేదు. అంచేత తన కూతురు టౌను పిల్లేనని ఆయన నమ్మకం. ఆ పదేళ్ళ మాట ఆయన ఎప్పుడో మర్చిపోయాడు.

ప్రమోదిని టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

"రిపోర్టు తెచ్చావా?" అన్నాడు వైకుంఠరావు.

"తెచ్చానండి. ఇచ్చే ముందు ఒక్క మాట సెప్పాల. కంగారు పడకుండా ఇనండి."

"నీ మాటలెందుకు? కాగితమే సెప్తాది."

అతని చొక్కా జేబులోంచి పైకి కనిపిస్తున్న కాగితాన్ని ఆయనే లాగేసుకున్నాడు. పైభాగం వెనక్కి మడిచి ఉంది. ఆ చుట్టుపక్కల అక్షరం ముక్క రానివాళ్ళు కూడా ఆ కాగితంలో ఒక్క అంకె చదవగలరు. ఆయన చూపూ తిన్నగా దాని మీదికే వెళ్ళింది. క్రియాటినిన్, 4.6. ఒకటి చుట్టూ ఉండాల్సింది.

వైకుంఠరావుకు గుండె ఝల్లుమంది. మరుక్షణమే, సిగ్గులేకుండా సంతోషం కూడా వేసింది. చివరికి తన మాటే నెగ్గింది.

"సూసావా? ఇంత రోగం ఒంట్లో పెట్టుకుని పెళ్ళికి తయారైపోవడమే? రేపో మాపో డయాలసిస్ మంచం ఎక్కే మనిసిని తెలిసి తెలిసి ఎవలు సేసుకుంటారు?"

"అలా అనీకండి బాబూ. ఇది అంటుకునే జబ్బు కాదు. నాకేటీ బయం లేదు. నేను సూసుకుంటాను, పెళ్ళి మాత్రం ఆపకండి."

"నీకు బయం లేకపోతే సరిపోతాదా? పుచ్చు జీడిపిక్కని మంచి బస్తాలో కలుపుతానేటి నేను? ఇలాటోళ్ళకి పెళ్ళెందుకు, పిల్లలెందుకు? ఉన్నన్నాళ్ళు ఓ మూల పడుండాల!"

గుమ్మంలో టీ కప్పులు గలగలలాడాయి. ప్రమోదిని పళ్ళెం పట్టుకుని ఎప్పటినుంచో అక్కడే నిలబడి ఉంది.

"ఇన్నావా?" అన్నాడు తండ్రి.

"అంతా ఇన్నాను నాన్నా."

"ఏడవకు. ఈడు కాకపోతే ఇంకొకడొస్తాడు."

"ఇంకెవలూ రారు నాన్నా."

ఉమాశంకర్ వెళ్ళి ఆమె చేతిలోని పళ్ళెం అందుకున్నాడు. దాన్ని బల్ల మీద పెట్టాడు. "ఇంక సాలు బాబూ. ఆ కాగితం ఇలా ఇచ్చీయండి," అన్నాడు.

"ఎందుకిత్తాను? మా కులపోళ్ళ వాట్సాప్ గ్రూపులో పెడతాను. ఇంకో పిల్ల తండ్రి మోసపోకూడదు."

వైకుంఠరావు కళ్ళజోడు పెట్టుకుని ఫోను తీశాడు. ఫొటో బాగా రావాలని కాగితాన్ని తొట్టి లైటు కిందికి తెచ్చి, పై మడత విప్పాడు.

పేరు దగ్గర ప్రమోదిని అని ఉంది.