ఇద్దరి అడుగులు

నర్సమ్మా, ఇది పాలకేంద్రం గుమాస్తా చేత రాయిస్తున్నాను. రాత అతనిది, కోపం నాది.

మీ ఆసుపత్రీ మా పాలకేంద్రమూ కలిసి పెట్టిన నడక పథకంలోంచి నా పేరు కొట్టేశారట. ఇద్దరిద్దరు జంటగా నడవాలి, మనిషికో అడుగుల మీటరు, వారానికి జంటకో బుట్ట ఆకుకూరలు. అదీ మీ షరతు. నాకు జంట నా చిన్న తోటికోడలు. రెండు నెలలుగా మా మీటర్లు రెండూ ఒకే లెక్క చూపిస్తున్నాయని, కూరల కోసం నేను మోసం చేశానని అన్నారు.

గుమాస్తా కూడా నిలదీశాడు. "రెండూ నువ్వే కట్టుకున్నావా అవ్వా?"

"కట్టుకున్నాను. అయితే ఏంట్రా? మేకకు కట్టి తిప్పానా? ప్రతి అడుగూ ఈ కాళ్లే వేశాయి."

ఆమె వాటా కూరలు నేను ముట్టలేదు. వారం వారం ఆమె గుమ్మంలో పెట్టి వచ్చాను. ఆ తర్వాత మేకలు తింటే వాటినే అడగండి.

మీరు అడుగులు లెక్కపెట్టారే గాని, ఆ రెండో మనిషి ఏదని ఒక్కరూ అడగలేదు. నా తోటికోడలు చనిపోయి రెండు నెలలైంది.

బుట్ట ఆపేయండి, నాకు అక్కర్లేదు. ఆమె మీటరు మాత్రం వెనక్కి తీసుకోకండి. రోజూ పొద్దున్నే ఆమె తలుపు ముందు నిలబడి, "ఏమే, ఇంకా తెమల్లేదా?" అని కేకేస్తాను. తలుపుకు తాళం వేలాడుతూ ఉంటుంది. కాసేపు చూసి, రెండో మీటరు నడుముకు బిగించుకుంటాను.

అప్పుడు ఇద్దరం బయలుదేరతాం.