వెల్లకిలా పడ్డ చిప్పలు

"ఎవరండీ అది? పెట్టె మీద చెయ్యి తియ్యండి!"

భూగర్భ శాస్త్రజ్ఞుడు సత్యానందం గుడారంలోంచి ఒక్క గెంతులో బయటికొచ్చాడు.

అరవై రెండో సంవత్సరపు ముసురు. పొద్దు వాలుతోంది. పందిరి కింద ఓ ముసలాయన, దివిసీమ బోరులోంచి తీసిన మట్టిదిమ్మల పెట్టె ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"మీ పెట్టె తలకిందులైందండీ. చూసి ఉండబట్టలేదు."

సత్యానందానికి ఒళ్లు మండిపోయింది. గుడివాడ బోరులోని సముద్రపు చిప్పల పొరా, ఇక్కడి పొరా ఒకే కాలానివని నాలుగేళ్లుగా అతని వాదన. కాదు, ఇక్కడిది వేల ఏళ్లు చిన్నదని బందరు దేవదానం గారి వాదన. పత్రికల్లో జుట్టూ జుట్టూ పట్టుకున్నారే గానీ ఒకరి మొహం ఒకరెరగరు. రేపే బందరు సభలో పెద్దల ముందు తీర్పు. తీరా చూస్తే, గుడివాడలో అడుగున ఉన్న ఎర్ర ఇసుక ఇక్కడ పైనుంది! సొంత బోరే కొంప ముంచింది.

"అలలకి కొట్టుకొచ్చిన చిప్ప బోర్లా పడుతుందండీ," అన్నాడు ముసలాయన. "ఇందులో అన్నీ వెల్లకిలా ఉన్నాయి. పైది కిందా, కిందది పైనా సర్దేశారు."

"సరుకు చెడగొట్టి రమ్మని దేవదానం పంపాడా?"

"నా మాట నిజమైతే ఓడేది దేవదానమేగా, బాబూ."

"గాలికి రేవులో పడవలే తిరగడం లేదు. అసలెలా వచ్చారు?"

"వచ్చేశానండీ. పని మిగిలిపోయింది."

సత్యానందం రెక్క పట్టి లేపాడు. అమ్మో, ఏం చల్లదనం! బోరు అడుగునుంచి అప్పుడే తీసిన మట్టిలా ఉంది ఆ చెయ్యి. చటుక్కున వదిలేశాడు. ఆ భయమే కోపమైంది.

"నడవండి! మళ్లీ ఇటొచ్చారంటే బాగుండదు!"

ముసలాయన గట్టు దాటి వెళ్లిపోయాడు. చీమ చిటుక్కుమంటే మొరిగే కాపలా కుక్క, గుంజకి ఒదిగి కిక్కురుమనలేదు.

అప్పుడు చూశాడు చిప్పలవైపు. నిజమే, అన్నీ వెల్లకిలానే! మొన్న వానలో కంగారుగా సర్దింది తనే. తిరగేస్తే అచ్చం గుడివాడ వరసే!

తెల్లారేసరికి గాలి తగ్గింది. మొదటి పడవలోనే పెట్టె ఎక్కించాడు. ఇక దేవదానం నోరెలా లేస్తుందో చూద్దాం!

బందరులో సభ జరగడం లేదు.

"దేవదానం గారు నిన్న తెల్లవారుజామున పోయారండీ," అన్నాడు గుమాస్తా. "అందరూ ఇంగ్లీషుపాలెంలో ఆయనింటి దగ్గరే ఉన్నారు."

ఎంత పోట్లాడినా పెద్దమనిషి. సత్యానందం వెళ్లాడు. వాకిట్లో ప్రార్థన జరుగుతోంది. పేరు చెప్పగానే దేవదానం గారి భార్య కృపమ్మ భోరుమంది.

"పోయేదాకా మీ బోరు గోలే, బాబూ. ఆ దిమ్మలు ఒక్కసారి కళ్లారా చూడాలని తహతహలాడిపోయారు."

సత్యానందం శవపేటికలోకి వంగి చూశాడు. నిన్న సాయంత్రం తను రెక్క పట్టి వెళ్లగొట్టిన మనిషే అందులో కళ్లు మూసుకుని ఉన్నాడు.