జపాన్ మెడ

హనుమకొండ చౌరస్తాలో ఆటోలోంచి గిటార్ జారి రోడ్డు మీద పడింది.

మహిత దిగి, సంచి జిప్పు తీసి చూసింది. మెడ దగ్గర రెండు ముక్కలు.

మధ్యాహ్నం రెండున్నర. ఆరింటికి వరంగల్‌లో బ్యాండ్ల పోటీ, ఫైనల్.

బ్యాండ్ లీడర్ ఉదయ్‌కి ఫోన్ చేసింది.

"బేస్ గిటార్ లేకుంటే ఏంగాదు. ఆ సౌండ్ కీబోర్డ్ మీద ఎల్లదీస్త. నువ్వియ్యాల కింద కూసోని సప్పట్లు కొట్టు," అన్నాడు.

ఇవాళ కింద కూర్చుంటే రేపట్నుంచి అదే తన సీటు. ఆ సంగతి మహితకు తెలుసు.

రెండు సందుల అవతల రమాకాంత్ షాపు. పాత వాయిద్యాలు కొని అమ్ముతాడు.

"అన్నా, సాయంత్రానికి ఒక బేస్ ఇయ్యి. అర్జెంట్."

రమాకాంత్ గోడ మీంచి రెండు దించాడు. ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. రెండూ ఒకే కంపెనీవి. నలభై ఐదేళ్ల కిందటి జపాన్ సరుకు.

ఎర్రది మీటింది. కడుపులోంచి మోగింది. కానీ మెడ విల్లులా వంగి ఉంది. ఎక్కడ నొక్కినా తీగ గరగరమంటోంది.

నల్లది మీటింది. మెడ మీద వేళ్లు ఆగకుండా ఉరికాయి. శబ్దం మాత్రం అట్టపెట్టెను కొట్టినట్టుంది.

"నల్లదాని బాడీ ప్లైవుడ్, చెల్లె. ఎర్రదానిది అసలు కట్టె. కానీ ఈ నల్లదాని నెక్ చూసినవా? అచ్చం జపాన్ మేపుల్ కట్టె! ఆర్కెస్ట్రా రాజేశ్వర్ రావు సార్ ముప్పై ఏండ్లు వాయించిండు. మొన్ననే ఆయన కొడుకు నాకు అమ్మిండు. వెంట్రుకంత వంగలే. మీద కంపెనీ పేరు సుత అరిగిపోయింది!"

అప్పుడే ఒక ముసలాయన లోపలికి వచ్చాడు. ధోతి, అంగీ మీద రంపపు పొట్టు, చంకలో గుడ్డసంచి.

"ఆ నల్లది ఒక్కపారి చూడనిస్తవా, బిడ్డా?"

"ముట్టకు పెద్దమనిషీ! జపాన్‌ది. పగిలితే ఏడికెల్లి తెస్తవ్?"

ముసలాయన అప్పటికే వంగాడు. దవడను నల్లదాని కట్టెకు ఆనించి, వేలితో తీగ మీటి, కళ్లు మూసుకున్నాడు. తర్వాత ఎర్రదానికి ఆనించాడు.

"గిదేం పిచ్చి?" రమాకాంత్ నవ్వాడు.

"మగ్గాల మోతకు చెవులు పోయినయ్, బిడ్డా. దవడతోని వింట," అన్నాడు ముసలాయన మహితతో. "నల్లదాని మెడ మంచిది, పెయ్యి మొద్దు. ఎర్రదాని పెయ్యి పాడతాంది, మెడ చెడ్డది. ఈ మెడ తీసి ఆ పెయ్యికి పెట్టుండ్రి. నాలుగు స్క్రూలే గద."

"ఏయ్! మగ్గం అనుకున్నవా, ఊడదీసి బిగిచ్చెటందుకు? జపాన్ కట్టె గురించి నీకేం ఎరుక?"

వినపడిందో లేదో, ముసలాయన నవ్వాడు.

మహిత గడియారం చూసింది. మూడు దాటింది.

"మార్చన్నా. గెలిస్తే నీ షాపు పేరు మైకుల చెప్త."

రమాకాంత్ మెత్తబడ్డాడు. స్క్రూడ్రైవర్ తీశాడు.

నల్లదాని మెడ ఎర్ర బాడీలో కూర్చుంది. కానీ వదులు. అటూ ఇటూ ఆడుతోంది.

"నేను చెప్పలే?" అన్నాడు రమాకాంత్.

ముసలాయన సంచిలోంచి చిల్లులున్న అట్ట తీశాడు. మగ్గం మీద డిజైన్ నేసేందుకు పెట్టే అట్ట. గోరంత ముక్క చింపి సందులో దూర్చాడు.

"ఇగ బిగియ్యి."

మహిత మీటింది.

షోకేసు అద్దం అదిరింది.

"తాతా, నీ పేరు..." అని తిరిగేసరికి, రమాకాంత్ ఆయన్ను గుమ్మం దాటిస్తున్నాడు. "అయింది గదా, జర బయటికి నడువు. గిరాకీ వచ్చే టైమ్."

ఫోన్ మోగింది. ఉదయ్. మహిత గిటార్ ఎత్తుకుని ఆటో ఎక్కేసింది.

ఆరున్నరకు వీళ్ల వంతు.

"కీబోర్డ్ రెడీ ఉంది," అన్నాడు ఉదయ్.

"అక్కర్లే. బేస్ నేనే కొడ్త," అంది మహిత.

మూడో పాటలో ఆమె ఒక్కతే రెండు నిమిషాలు వాయించింది. వెనక వరసలు లేచి కుర్చీల మీదికి ఎక్కాయి. ఉదయ్ కీబోర్డ్ మీంచి చేతులు తీసేసి నోరు తెరిచి చూశాడు.

స్టేజీ మూల, కింద, ముసలాయన కనిపించాడు. స్టేజీ చెక్కకు దవడ ఆనించి కళ్లు మూసుకుని ఉన్నాడు. వాలంటీర్ జరగమని అరుస్తున్నాడు. ఆయన జరగలేదు.

ఫస్ట్ ప్రైజ్!

"రేపు ప్రాక్టీస్‌కు నువ్వు ముందు నిలబడు," అన్నాడు ఉదయ్ మెల్లగా.

మహిత మైకు అందుకుంది. మాట ప్రకారం షాపు పేరు చెప్పింది. జనంలోంచి రమాకాంత్ ఈల వేశాడు.

"ఇంకొకాయన ఉన్నడు. తాతా, జర పైకి రా!"

మూడుసార్లు పిలిచింది. ముసలాయన సంచి చంకన పెట్టుకుని గేటు వైపు నడుస్తున్నాడు. వెనక్కి తిరగలేదు. జనంలో కలిసిపోయాడు.

కప్పు ఇవ్వడానికి వచ్చిన జడ్జి, ఆర్కెస్ట్రా రాజేశ్వర్ రావు, గిటార్ చూసి ఆగిపోయాడు. మెడ నిమిరాడు.

"ఈ మెడ నాది గదమ్మా!"

"అచ్చం జపాన్ మేపుల్, సార్!" రమాకాంత్ అప్పటికే స్టేజీ ఎక్కాడు.

రాజేశ్వర్ రావు పగలబడి నవ్వాడు.

"జపాన్ మెడ మేడారం పోయే తొవ్వల లారీ మీదికెల్లి పడి ఇరిగింది. నలభై ఏండ్లాయె. ఇది బండారు కట్టె, మగ్గానికి నూలు చుట్టే కండెలు చేసేది. కొత్తవాడల మగ్గాలు చేసే సిద్దిరాములు చెక్కిండు. మీద తన పేరు రాయమంటే సుత రాయలే."

రమాకాంత్ వంగి మెడను మళ్లీ చూశాడు.

మహిత గేటు వైపు చూసింది. "ఆయనను ఎట్ల పట్టుకోవాలె, సార్?"

"పిలిస్తే పలుకడమ్మా, చెవులు లేవు," అన్నాడు రాజేశ్వర్ రావు, "కట్టెకు దవడ ఆనిచ్చి వింటడు."