సగం స్పీడులో దేవమ్మ

“ఆక్సిజన్ మోతలో మాట మునిగిపోతాందన్నా” అన్నాడు ప్రదీప్, హెడ్‌ఫోన్లు మెడ మీదికి జార్చి.

డేనియల్ కుర్చీ అంచున కూర్చున్నాడు. డోన్ నుంచి ఆళ్లగడ్డ పోవాల్సిన మనిషి నంద్యాలలో దిగిపోయి, చేతిలో సంచితో నేరుగా ఈ రికార్డింగు గదికి వచ్చాడు. ఆళ్లగడ్డలో వాళ్లమ్మ దేవమ్మను నాలుగు గంటలకు మట్టి చేస్తారు. ఇప్పుడు పన్నెండున్నర.

“ఆస్పత్రిలో ఉన్నప్పుడు పంపిచ్చిన వాయిస్ మెసేజప్పా ఇది. ఈ ఫోన్లో స్పీడు పెంచేదానికే ఉంది, తగ్గించేదానికి లేదు. ‘నేను పోతే నువ్వు రా’ అనిందో, ‘రాబాకు’ అనిందో తెలీడం లే. మా అక్క రా అనిందంటాది. మా బావ రాబాకు అనిందంటాడు.”

రమ్మనడానికీ వద్దనడానికీ మధ్య రెండక్షరాలు. వాటి కోసం పొద్దున్నుంచీ ఫోను చెవి నుంచి తీయలేదు పాపం.

“కన్నతల్లి గదన్నా. ఆమె ఏమనున్నా నువ్వు పోవాల గదా?”

“నాయన మట్టికి పోలేదప్పా నేను. కొట్లాడి, పంతానికి ఇంట్లోనే కూచున్నా. ఆ పొద్దే అనింది అమ్మ, నా మట్టికి గూడా నీ అవసరం లేదులే అని. బతికినన్నాళ్లు ఆమె మాట ఒక్కటి ఇనలే. ఈ ఆఖరి మాటన్నా ఇనాల. రాబాకు అనుంటే ఈణ్ణించే డోన్ బస్సెక్కుతా.”

ప్రదీప్ కంప్యూటరు వైపు తిరిగాడు. అతని పని పాస్టర్ల ప్రసంగాలు శుభ్రం చేసివ్వడం. సగం స్పీడులో పెట్టి ఒక్కో మాటా వింటే, మామూలుగా చెవికి అందనివి కూడా విడివిడిగా తెలుస్తాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని దేవమ్మ గొంతును సగానికి తగ్గించాడు. చాల్లేదు. ఇంకా తగ్గించాడు. మూడుసార్లు విన్నాడు. డేనియల్ అతని మొహం మీదినుంచి చూపు తిప్పలేదు.

“ఏందప్పా? ఏమంటాంది?”

“మోత తీసేస్తే గానీ చెప్పలేనన్నా. ఐదు నిమిషాలు. పోయి టీ తాగిరాపో.”

“గొంతు దిగదులే. ఈణ్ణే ఉంటా.”

ఐదు నిమిషాలన్నది పదయ్యింది. చివరికి ప్రదీప్ స్పీకర్లు ఆన్ చేశాడు. దేవమ్మ గొంతు గదిలో నిదానంగా సాగింది.

“డే...నియలూ... నేను... పోతే... నువ్వు... రా...”

తర్వాత ఒక ఊపిరి. అంతే.

“ఇంకోసారి ఎయ్యప్పా.”

వేశాడు. మామూలు స్పీడులోనూ వేశాడు. రా. అనుమానమే లేదు.

అంత మనిషీ మొహం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. “రమ్మనిందప్పా! నేను చేసిన పనికి గూడా రమ్మనింది సూడు, నా తల్లి!”

ప్రదీప్ నీళ్ల సీసా అందించాడు. అతని కళ్లూ తడిగానే ఉన్నాయి.

“బేగా పోన్నా. ఒంటిగంట బస్సు దొరుకుతాది. మీ అమ్మకు పిడికెడు మట్టి ఎయ్యి.”

“నీ మేలు మర్సిపోనప్పా” అంటూ డేనియల్ సంచి భుజాన వేసుకుని గబగబా మెట్లు దిగాడు. ప్రదీప్ కిటికీలోంచి ఎదురుగా ఉన్న బస్టాండు వైపు చూశాడు. అతను ఆళ్లగడ్డ బస్సే ఎక్కాడు.

ప్రదీప్ తిరిగొచ్చి, కోసి పక్కన పెట్టిన ‘బాకు’ను చెరిపేశాడు.